వ్రాతలో లేని నష్టం లెక్కలోకి రాదు

(షాదీఖానాలో జరిగిన న్యాయ అవగాహన సభలో మా హక్కుల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో మేము మొదట ఒక ప్రశ్న అడుగుతాం. గడచిన రెండేళ్లలో ఫోను పోగొట్టుకున్నవారు, బండి దొంగల పాలైనవారు, ఫోనులో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు చేతులెత్తండి అంటాం. సభలో సగం చేతులు లేస్తాయి. పోలీసులకు ఫిర్యాదు చేసినవారే చేతులు ఎత్తి ఉంచండి అంటాం. అప్పుడు రెండు మూడు చేతులు మాత్రమే మిగులుతాయి. ఆ దించిన చేతుల గురించే ఈ రోజు మాట్లాడదలచాం.

ఫిర్యాదు ఎందుకు చేయలేదని అడిగితే వచ్చే జవాబులు మనందరికీ తెలిసినవే. "పోయింది తిరిగి వస్తుందా?" "ఒక రోజు కూలి పోతుంది." "మన పేరు చూడగానే మనల్నే పది ప్రశ్నలు అడుగుతారు." ఈ చివరి మాట అన్నిటికన్నా బరువైనది. దీనిని మేము తేలికగా తీసుకోము. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక సైతం ముస్లిములలో పోలీసుల పట్ల ఉన్న భయాన్ని, అపనమ్మకాన్ని ప్రస్తావించింది. 2007 మే 18న, జుమా నాడు, హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తరువాత అనుమానంతో పట్టుకున్న మన యువకుల్లో పలువురిని న్యాయస్థానాలు నిర్దోషులుగా విడుదల చేశాయి. ఆ రోజులు చూసిన తండ్రి తన కుమారునితో "ఠాణా గడప తొక్కవద్దు" అంటే అది పిరికితనం కాదు, అనుభవం.

అయితే ఆ అనుభవం నుండి మనం తీసుకుంటున్న పాఠం సరైనదేనా? భయం ఉన్నది కనుక ఫిర్యాదు చేయవద్దని మనం అనుకుంటున్నాం. భయం ఉన్నది కనుకనే ఫిర్యాదు చేయాలని మేము అంటున్నాం. అందుకు కారణం చెప్పడానికి మా దృష్టికి వచ్చిన రెండు సంఘటనలు మీ ముందు ఉంచుతాం.

రెండు ఫోన్ల కథ

ఒకే వీధికి చెందిన రెండు కుటుంబాలవి. మొదటి ఇంటిలోని యువకుడు ఏసీ మెకానిక్. బస్సులో అతని ఫోను పోయింది. పాత ఫోనే కదా అని తండ్రి వదిలేయమన్నాడు. కుమారుడు కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నాడు. పాత సిమ్‌ను నిలిపివేయించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. రెండు నెలల తరువాత వేరే జిల్లా పోలీసులు ఇంటికి వచ్చారు. ఆ పాత నంబరు నుండి ఎవరో ఫోను చేసి ఒక వృద్ధుని మోసగించారు. సిమ్ ఈ అబ్బాయి ఆధార్ మీద ఉంది. "నా ఫోను పోయింది సార్" అన్నాడు. "ఎప్పుడు? ఎక్కడ ఫిర్యాదు చేశావు?" అని వారడిగారు. చూపడానికి ఒక్క కాగితం కూడా లేదు. ఆరు రోజులు తిరిగాడు. చివరకు వదిలేశారు కానీ, అప్పటికే దుకాణం యజమాని అతన్ని పనిలో నుండి తీసివేశాడు.

రెండవ కుటుంబం టీ కొట్టు నడుపుకునే ఒక పెద్దాయనది. ఆయన ఫోను పోయిన రాత్రే, డిగ్రీ చదువుతున్న మనవరాలు పోలీసు శాఖ పౌర సేవల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసింది. మరునాడు తాతను వెంటబెట్టుకొని వెళ్లి సంతకం పెట్టించింది. సిమ్ నిలిపివేయించింది. కొంతకాలానికి ఆ నంబరు గురించి వారి ఇంటికీ విచారణ వచ్చింది. తాత బీరువా తెరచి, రేషన్ కార్డుతో పాటు దాచిన రసీదు తీసి ఇచ్చాడు. వచ్చిన అధికారి తేదీ చూసి, నంబరు వ్రాసుకొని, టీ త్రాగి వెళ్లిపోయాడు.

ఈ రెండు కుటుంబాల మధ్య ధనంలో, పలుకుబడిలో ఎటువంటి భేదమూ లేదు. ఒక కాగితం మాత్రమే భేదం. ఆ కాగితం ఉన్నంతమాత్రాన ఎవరికీ ఏ ఇబ్బందీ రాదని మేము హామీ ఇవ్వలేము. కానీ నేరం జరిగినప్పుడు మనం బాధితుల వరుసలో నిలబడ్డామా లేదా అన్నది ఆ తేదీ చెబుతుంది. నోటి మాట నీటి మూట అన్నారు పెద్దలు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని మన ధర్మం మనకు నేర్పింది. జరిగిన నష్టాన్ని వ్రాయించుకోవడంలో మాత్రం మనమెందుకు వెనుకబడాలి?

ఏది ఆన్‌లైన్‌లో, ఏది ఫోనులో

ముందుగా ఒక హెచ్చరిక. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, దాడి జరుగుతున్నప్పుడు, దొంగ ఇంకా ఇంటిలోనే ఉన్నప్పుడు ఫారాలు నింపుతూ కూర్చోవద్దు. 112కు ఫోను చేయండి. రైలు ప్రయాణంలో అయితే 139కి చేయండి. ఆన్‌లైన్ మార్గం ప్రమాదం దాటిపోయిన తరువాతి నేరాలకు. ఫోను, బండి, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు పోవడం, చిన్న దొంగతనాలు, దుకాణం ధ్వంసం చేసి పారిపోవడం, సామాజిక మాధ్యమాలలో బెదిరింపులు, దూషణలు, నకిలీ ఖాతాలు ఇటువంటివి.

ఫోనులో మోసం జరిగి బ్యాంకు ఖాతా నుండి డబ్బు పోతే అది కూడా అత్యవసరమే. మొదట 1930కు ఫోను చేయాలి. ఆ డబ్బు ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారిపోయేలోగా నిలిపివేయించడమే ఆ నంబరు ఉద్దేశం. ఆ పైన బ్యాంకుకు తెలిపి, 2019లో కేంద్ర హోం శాఖ ప్రారంభించిన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. మొదటి గంటలో చేసిన ఫోనుకూ, మూడవ రోజు చేసిన ఫోనుకూ చాలా తేడా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ప్రయోజనం లేదు.

పోయిన ఫోనును నిలిపివేయించడానికి సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. 2023 నుండి ఇది దేశమంతటా పనిచేస్తున్నది. దానికి పోలీసు ఫిర్యాదు ప్రతి, ఫోను యొక్క ఐఎమ్ఈఐ సంఖ్య కావాలి. ఓటీపీ రావడానికి అదే నంబరు మీద కొత్త సిమ్ కూడా తీసుకొని ఉండాలి. ఫోను పోయాక ఐఎమ్ఈఐ కోసం వెదకడం కష్టం. కనుక ఈ రాత్రే ఇంటికి వెళ్లి స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. తెర మీద కనిపించే పదిహేను అంకెలను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. ఈ సభ నుండి మీరు ఈ ఒక్క పని తీసుకొని వెళ్లినా మాకు సంతోషమే.

మూడు రోజుల సంతకం

ఇక చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. 2024 జూలై 1 నుండి పాత నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. ఈ కొత్త చట్టాల మీద మనకు అనేక అభ్యంతరాలు ఉండవచ్చు. వాటిని వేరే వేదిక మీద చర్చిద్దాం. అందులోని 173వ సెక్షన్ మాత్రం బాధితునికి ఉపయోగపడేది. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, అంటే కాగ్నిజబుల్ నేరం గురించిన సమాచారాన్ని నోటి మాటగా గానీ, ఎలక్ట్రానిక్ మార్గంలో గానీ ఇవ్వవచ్చునని ఆ సెక్షన్ చెబుతున్నది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగిందన్న దానితో నిమిత్తం లేదు. "ఇది మా పరిధి కాదు, అవతలి ఠాణాకు పోండి" అని తిప్పి పంపడానికి వీలులేదు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు.

అయితే మనవాళ్లలో ఎక్కువమంది తప్పిపోయేది ఒక్క చోట. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపిన సమాచారం మీద, పంపినవారు మూడు రోజుల లోపు సంతకం చేయాలి. సంతకం చేసిన తరువాతనే అది అధికారికంగా నమోదవుతుంది. సెల్‌ఫోనులో "మీ ఫిర్యాదు అందినది" అని సందేశం రాగానే పని ముగిసిందని భావించి ఇంటిలో కూర్చున్నవారిని మేము చాలామందిని చూశాం. నెల తరువాత వెళితే "మీరు సంతకానికి రాలేదు" అన్న జవాబు వచ్చింది. మళ్లీ ఫిర్యాదు ఇవ్వకుండా చట్టం అడ్డుకోదు. కానీ ఆలస్యమైన ప్రతి రోజూ మన మాట బలాన్ని తగ్గిస్తుంది. పోర్టల్ నుండి వచ్చే రసీదు వేరు, ఎఫ్.ఐ.ఆర్. వేరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే దాని ప్రతిని వెంటనే, ఉచితంగా ఇవ్వాలని అదే సెక్షన్ ఆదేశిస్తున్నది. అది మన హక్కు.

గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డల విషయంలో ఈ సంతకం నియమం చిక్కు తెస్తుంది. తాళం వేసిన ఇంటిలో దొంగలు పడ్డారని తెలిసి, అక్కడి నుండి ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో వచ్చి సంతకం ఎలా చేస్తారు? నేరం గురించి తెలిసిన వారెవరైనా సమాచారం ఇవ్వవచ్చు. కనుక ఇక్కడ ఉన్న తల్లి గానీ, తమ్ముడు గానీ తాము చూసినంత మేరకు ఫిర్యాదు ఇచ్చి సంతకం చేయడం మేలు.

కొన్ని నేరాలకు చట్టం చిన్న గడువు పెట్టింది. మూడు సంవత్సరాలు మొదలు ఏడు సంవత్సరాల లోపు శిక్ష పడే నేరాలలో, డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల లోపు ప్రాథమిక విచారణ జరపవచ్చు. కనుక పద్నాలుగు రోజుల తరువాత "ఇంకా చూస్తున్నాం" అంటే, ఆ గడువును మర్యాదగా గుర్తుచేయండి.

తోపుడు బండ్ల వారికి, చిన్న వ్యాపారులకు మరొక మాట. కొత్త చట్టంలో ఐదు వేల రూపాయల కన్నా తక్కువ విలువగల సాధారణ దొంగతనం కాగ్నిజబుల్ కాదు. అటువంటి ఫిర్యాదును పోలీసులు పుస్తకంలో నమోదు చేసుకొని, ఫిర్యాదుదారుని మేజిస్ట్రేటు వద్దకు వెళ్లమని చెబుతారు. మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే దర్యాప్తు చేయలేరు. కాబట్టి పోయిన వాటి విలువను ఉన్నది ఉన్నట్లు, ఏదీ మరువకుండా లెక్కకట్టి వ్రాయండి. తూకం యంత్రం, గల్లా డబ్బు, సరుకు అన్నీ వేరువేరుగా చూపండి. పెంచి వ్రాయవద్దు, మొహమాటపడి తగ్గించీ వ్రాయవద్దు. ఇంటిలో జరిగిన దొంగతనం వేరే సెక్షన్ కిందికి వస్తుంది, దానికి ఈ ఐదు వేల లెక్క వర్తించదు.

ఎలా వ్రాయాలి

ఫిర్యాదు వ్రాయడానికి ఇంగ్లీషు రానవసరం లేదు. తెలుగులో వ్రాయవచ్చు. ఏమి జరిగింది, ఏ రోజు ఏ వేళకు, ఎక్కడ, ఏమేమి పోయాయి, ఎవరు చూశారు అన్న ఐదు సంగతులు ఉంటే చాలు. కోపంతో పది వాక్యాలు వ్రాసి అసలు తేదీ మరచిన ఫిర్యాదులు మా వద్దకు ఎన్నో వచ్చాయి.

పేరు దగ్గర ప్రత్యేకించి జాగ్రత్త వహించాలి. మన వాడల్లో ఒకే పేరు గలవారు పదిమంది ఉంటారు. షేక్ ముందు వ్రాసేవారు ఒకరు, చివర వ్రాసేవారు ఒకరు. ఆధార్‌లో ఒక విధంగా, ఓటరు కార్డులో మరొక విధంగా ఉంటుంది. ఆధార్‌లో ఉన్న తీరుగానే పేరు వ్రాసి, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వీధి తప్పక చేర్చండి. ఒకరికి బదులు మరొకరిని పిలిపించిన ఉదంతాలు మనకు కొత్త కాదు.

అనుమానాన్ని అనుమానంగానే వ్రాయండి. "ఫలానావాడే చేశాడు" అని చూడకుండా వ్రాయడం మన ధర్మంలోనూ తప్పే, చట్టంలోనూ నేరమే. భారతీయ న్యాయ సంహితలోని 217, 248 సెక్షన్లు తప్పుడు సమాచారానికి, తప్పుడు అభియోగానికి శిక్ష విధిస్తాయి. ఇంటి సరిహద్దు తగాదాలను, వియ్యంకుల మధ్య అలకలను తీర్చుకోవడానికి పోర్టల్‌ను వాడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం. మనం వ్రాసే ఒక్క అబద్ధపు ఫిర్యాదు, మన వెనుక వచ్చే పది నిజమైన ఫిర్యాదుల విలువను తీస్తుంది.

మతాన్ని దూషిస్తూ, జనం మధ్య ద్వేషం రగిలిస్తూ పెట్టే పోస్టులు కనిపించినప్పుడు మన యువకులు రెండు పొరపాట్లు చేస్తున్నారు. ఒకటి, "చూడండి ఎంత ఘోరమో" అంటూ దానినే మరో ఇరవై గ్రూపులకు పంపడం. రెండు, అదే భాషలో జవాబు వ్రాయడం. రెండూ మనల్నే నిందితుల వరుసలో నిలబెట్టగలవు. పోస్టు లింకు, పెట్టిన ఖాతా పేరు, తేదీ, వేళ కనిపించే విధంగా స్క్రీన్‌షాట్ తీసి సైబర్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అంతటితో మీ వేలు ఆగిపోవాలి.

ఆడపిల్లల విషయం

సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. ఒక విద్యార్థిని ఫోటోను మార్చి, నకిలీ ఖాతాలో పెట్టి, డబ్బు ఇవ్వకపోతే అందరికీ పంపుతామని బెదిరించిన సంఘటన మా దృష్టికి వచ్చింది. ఆ పిల్ల మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. పరువు పోతుందని, చదువు మాన్పిస్తారని భయం. చివరకు తల్లికి చెప్పింది. ఆ తల్లి చేసిన గొప్ప పని ఏమిటంటే, కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రే ఇద్దరూ కూర్చొని ఫిర్యాదు పెట్టారు.

సైబర్ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రాల విషయంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. కానీ పేరు, నంబరు ఇచ్చి చేసిన ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో తరువాత చూసుకోవచ్చు. పేరు లేని దానికి ఆ వీలు ఉండదు. లైంగిక నేరాలలో బాధితురాలి వాంగ్మూలాన్ని మహిళా అధికారే నమోదు చేయాలి. సాక్షిగా విచారించడానికి స్త్రీలను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, అరవై ఏళ్లు దాటినవారిని వారి నివాసానికి వెలుపల ఎక్కడికీ రమ్మని ఒత్తిడి చేయరాదని 179వ సెక్షన్ చెబుతున్నది. తెలంగాణలో 2014 నుండి షీ టీమ్స్ కూడా ఉన్నాయి. ఇవన్నీ తెలిసి ఉంటే ఆ పిల్ల మూడు వారాలు ఒంటరిగా ఏడ్చి ఉండేది కాదు.

ఇంకొక జాగ్రత్త. ఫిర్యాదుకు ఎక్కడా రుసుము లేదు. పోర్టల్ చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్నదో లేదో చూడండి. "పోలీసులం, మీ ఫిర్యాదు మీద మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అని అడిగేవాడు మరో దొంగ. డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు.

తిరస్కరిస్తే

సంతకానికి వెళ్లినా తీసుకోకపోతే ఏమి చేయాలి? కాగ్నిజబుల్ నేరం జరిగినట్లు సమాచారం చెబుతుంటే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఠాణాలో వాదనకు దిగవద్దు, గుంపుగా వెళ్లవద్దు, వీడియో తీసి బెదిరించవద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిది. జిల్లా ఎస్పీకి ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో పంపండి. అక్కడా ఫలితం లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. ఆన్‌లైన్ రసీదు అసలు ఉపయోగం ఇక్కడే కనిపిస్తుంది. "వీరు మా వద్దకు రానే లేదు" అని ఎవరూ అనలేరు.

న్యాయవాదికి డబ్బు లేదని వెనుకాడవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఇస్తుంది. దాని నంబరు 15100. నమోదైన కేసులో దర్యాప్తు పురోగతిని తొంభై రోజుల లోపు ఫిర్యాదుదారునికి తెలపాలని కూడా చట్టంలో ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదు. అడగడం నేర్చుకుందాం.

మా కోరిక

చివరిగా జమాత్ పెద్దలకు ఒక మనవి. ప్రతి శుక్రవారం జుమా తరువాత ఒక గంట సేపు మసీదు ఆవరణలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టండి. స్త్రీల కోసం ఇదే షాదీఖానాలో చదువుకున్న ఆడపిల్లలు కూర్చునే ఏర్పాటు చేయండి. ఫిర్యాదు పెట్టడం తెలియనివారికి వారు పెట్టిపెడతారు. వారికి మేము శిక్షణ ఇస్తాం. నియమాలు ఐదే. డబ్బు తీసుకోరాదు. బాధితులు చెప్పిన దానికి ఒక్క మాట కూడా కలపరాదు. ఫోటోలు, ఓటీపీలు, పాస్‌వర్డులు తమ వద్ద ఉంచుకోరాదు. మూడు రోజుల లోపు సంతకానికి తోడుగా వెళ్లాలి. పుస్తకంలో తేదీ, రసీదు సంఖ్య మాత్రమే వ్రాయాలి.

ఏడాది తరువాత ఆ పుస్తకం తీసుకొని మన పెద్దలు పోలీసు అధికారుల ముందు కూర్చోవచ్చు. మన వాడలో ఇన్ని దొంగతనాలు జరిగాయి, ఇన్ని నమోదయ్యాయి, ఇన్నింటికి జవాబు రాలేదు అని లెక్కతో మాట్లాడవచ్చు. వీధి దీపం కావాలన్నా, రాత్రి గస్తీ కావాలన్నా ఆ లెక్కే మనకు ఆధారం. ఇప్పుడు మన వద్ద ఆవేదన ఉంది, లెక్క లేదు. నమోదు కాని నష్టం ప్రభుత్వం దృష్టిలో జరగనే లేదు.

ఆ మెకానిక్ యువకుడు ఈ సభలోనే ఉన్నాడు. ఇబ్బంది కలుగుతుందని పేరు చెప్పడం లేదు. శుక్రవారం బల్ల వద్ద మొదట కూర్చునేది తానేనని నిన్న మాతో అన్నాడు. అతని పక్కన రెండవ కుర్చీ ఖాళీగా ఉంది. దానిని నింపే బాధ్యత మీది.